జీపులో వెనక బల్ల

మా జీపుకు ఇనప పైపు పెట్టించింది నా కోసమేనని మా ఆయన ఊళ్ళో కనపడ్డ ప్రతి మనిషికీ చెప్పాడు. అబద్ధం కాదు, నిజంగా నా కోసమే పెట్టించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా కోసమని ఆయన ఇంత మనసుపెట్టి చేయించిన పని ఇంకొకటి లేదు. నాకు గొలుసు చేయించినప్పుడు కూడా కంసాలి దగ్గర ఇంతసేపు కూర్చోలేదు. అందుకే ఆ తర్వాత జరిగింది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కోపమూ వస్తుంది, నవ్వూ వస్తుంది. ఏది ముందొస్తుందనేది ఆ పూట ఒంట్లో ఉన్న ఓపికను బట్టి ఉంటుంది.

మాది గురజాల పక్కనుండే పల్లె. మిరప వేస్తాం, పత్తి వేస్తాం, కాలవ నీళ్ళు బాగా వదిలిన ఏడు కాస్త వరి కూడా వేస్తాం. మా జీపు పాతది. పైన గుడ్డ టాపు, పక్కన తలుపులు లేవు. ముందర రెండు సీట్లు, వెనక ఆ పక్కనొకటి ఈ పక్కనొకటి రెండు పొడుగాటి బల్లలు. వెనక కూర్చున్నవాళ్ళు ఎదురెదురుగా, మోకాళ్ళు మోకాళ్ళు తగిలించుకుంటూ పోవాలి. మధ్యలో బస్తాలు, పురుగుమందు డబ్బాలు, పెళ్ళికి పోతుంటే పళ్ళబుట్టలు. మా ఆయన నడుపుతాడు. పక్క సీటు మా బావగారిది. బావగారంటే మా ఆయనకు అన్న, ఇంటికి పెద్ద. ఆ సీటు ఆయనదని ఎవరూ రాసివ్వలేదు గానీ, ఆయన ఊళ్ళో లేని రోజున కూడా అందులో ఎవరూ కూర్చోరు, చేతిసంచి పెడతారు. వెనక బల్లల మీద ఆడవాళ్ళం. ఒకదాని మీద నేను, ఎదురుగా మా తోడికోడలు. ఆమెను నేను అక్కా అనేదాన్ని. అక్క జబ్బుచేసి పోయింది. వాళ్ళకున్న ఒక్క కూతుర్నీ నాదెండ్లలో ఇచ్చారు. అందుకని బావగారి భోజనం మా ఇంట్లోనే. జీపులో ఎదురు బల్ల మీద ఇప్పుడు ఎరువు బస్తాలు కూర్చుంటున్నాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా ఇళ్ళల్లో తమ్ముడి పెళ్ళాం బావగారి ముందు కూర్చోదు, ఎదురుపడి మాట్లాడదు. ఈ కాలం పిల్లలకు ఇవేం పట్టవు, పట్టక్కర్లేదు కూడా. నేను మాత్రం కాపురానికొచ్చిన కొత్తలో పట్టిన అలవాటు వదల్లేకపోయాను. బావగారితో చెప్పాల్సిన మాట ఏదన్నా ఉంటే దొడ్లో బర్రెతో చెబుతాను. "ఏమే, పొద్దెక్కింది, ఇడ్లీలు చల్లారిపోతన్నయ్యి, ఇంకెప్పుడు తింటారు" అని బర్రెను కసిరితే, ఆయన పేపరు మడిచి లోపలికొస్తారు. ఆయన కూడా అంతే, నాతో చెప్పాల్సింది మా ఆయనకు చెబుతారు, నేను వినేంత గట్టిగా. ఇన్నేళ్ళుగా ఇల్లు ఇట్లాగే సాఫీగా నడిచింది. మా ఇంటి సంగతులు ఆ బర్రెకు తెలిసినన్ని మా చుట్టాలకు తెలియవు.

నిరుడు మిరప కోతలప్పుడు జీపు పడిపోయింది. కాలవ కట్ట మీద పోతుంటే ఎదురుగా బస్తాల లోడుతో ట్రాక్టరు వచ్చింది. దానికి దారివ్వడానికి మా ఆయన పక్కకు తీశాడు. ముందు రోజు పడ్డ అకాల వానకు కట్ట అంచు మెత్తబడి ఉంది. జీపు సినిమాల్లోలాగా పల్టీలేమీ కొట్టలేదు. అలిసిపోయిన ఎద్దు పడుకున్నట్టు నిదానంగా చేల వైపుకు ఒరిగింది. ముందర ఇద్దరికీ పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంది, మా ఆయనకు స్టీరింగు, బావగారికి ఎదురుగా ఉన్న కడ్డీ. నాకు దొరికింది పక్కనున్న మిరపకాయల బస్తా. దాన్నే గట్టిగా పట్టుకున్నాను, అదే వచ్చి నా మీద పడింది. వాళ్ళిద్దరికీ మోచేతులు గీసుకుపోయాయి. నాకు భుజం దగ్గర ఎముక విరిగింది. నరసరావుపేట ఆసుపత్రిలో కట్టు కట్టి చెయ్యి మెడకు వేలాడదీశారు. పరామర్శకు వచ్చినవాళ్ళలో సగంమంది జీపుకేమైందని ముందడిగి, ఆ తర్వాత నా భుజం సంగతి అడిగారు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు.

ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. జీపు స్టార్టయిన చప్పుడు వింటే లేచి దొడ్లోకి పోయేదాన్ని. ఇక ఈ జన్మకు ఆ బండి ఎక్కనని చెప్పేశాను. మా ఆయన మొదట నవ్వాడు, తర్వాత అలిగాడు, ఆ తర్వాత బతిమాలాడు. ఏదీ నా దగ్గర సాగలేదు. కూలీలతో కలిసి ఆటోలో చేలోకి పోయాను. ముప్పాళ్ళలో మా చెల్లెలి ఇంటికి బస్సులు మారి పోయాను. ఆటోలు తిరగబడవా అని ఆయన వాదన పెట్టుకున్నాడు. తిరగబడతాయేమో గానీ నన్నింకా తిరగెయ్యలేదు కదా అన్నాను.

ఇన్ని ఎకరాలున్న ఇంటి ఆడమనిషి ఆటో అంచున వేలాడుతూ పోతోందని నలుగురూ అనుకోవడం ఆయన చెవిన పడింది. మగవాడికి అది తగలాల్సిన చోటే తగులుతుంది. అయితే పరువు ఒక్కటే అయ్యుంటే ఆయన నాలుగు రోజులు గొణిగి ఊరుకునేవాడు. ఒకరోజు నేను బస్సు దిగి, సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకోలేక రోడ్డు పక్కన నిలబడి ఉండటం ఆయన చూశాడు. వచ్చి సంచి అందుకున్నాడు. ఇంటికొచ్చాక అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఆ రోజు నాకు ఆయన మీద జాలేసింది, కానీ జీపు ఎక్కుతానని మాత్రం అనలేదు.

పైపు ఆలోచన ఫోనులోంచి వచ్చింది. ఎక్కడో కొండల్లో జీపుల పందేలు జరుగుతున్న వీడియో. ఒక జీపు రాళ్ళ మీద నుంచి దొర్లి తలకిందులుగా ఆగింది. లోపలున్న మనిషి బెల్టు ఊడదీసుకుని, పాక్కుంటూ బయటికొచ్చి, ప్యాంటు దులుపుకుని నిలబడ్డాడు. సీట్ల వెనక, తలల కంటే ఎత్తున, గుర్రపు నాడాను బోర్లించినట్టు వంచిన లావుపాటి పైపు ఉంది. దాన్ని రోల్ బార్ అంటారట. బండి తిరగబడితే బరువంతా దాని మీద ఆగుతుందట, కింద మనిషి తల ఉన్న మేర నలగదట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది నీ సంబడం అన్నాను. అని, ఆ వీడియో ఇంకోసారి పెట్టమన్నాను.

మా ఆయన ఏ పని తలపెట్టినా అది కొట్టంలో పడున్న పాత సామానుతోనే మొదలవుతుంది. ఎండిపోయిన బోరులోంచి పీకిన పైపులు అక్కడ ఉన్నాయి, వాటినే వంచిద్దామన్నాడు. తుప్పుపట్టిన నీళ్ళ పైపు నా తల మీదకు తెస్తే జీపు సంగతి అటుంచు, పుట్టింటికి పోతానన్నాను. అప్పటికి మా పుట్టింటి తరఫున మిగిలింది ముప్పాళ్ళలో కాపురమున్న చెల్లెలొక్కతే, ఆవిడ కూడా వాళ్ళాయన మీద అలిగితే పుట్టింటికి పోతాననే అనేది. దాంతో నరసరావుపేటలో జీపులకీ ట్రాక్టరు ట్రక్కులకీ బాడీలు కట్టే షాపులో కనుక్కుని, దీనికోసమే వాడే మందం పైపు తెప్పించాడు. పని చేయించడానికి అన్నదమ్ములిద్దరూ జీపేసుకుని పోయారు. నన్ను రమ్మంటే, రావాలంటే జీపు ఎక్కాలిగా అన్నాను.

కాబట్టి అక్కడ జరిగినదంతా నాకు ఆయన చెబితే తెలిసిందే. భోజనానికి కూర్చున్నప్పుడల్లా చెప్పాడు. పైపు నొక్కుకుపోకుండా మిషన్లో ఎట్లా వంచుతారో అప్పడం పట్టుకుని చూపించాడు. జీపు నేల పల్చటి రేకు గనక, దానికే అతికితే రేకుతో సహా ఊడొస్తుందట. అందుకని పైపు కాళ్ళు కింద బండిని మోసే ఛాసిస్ చట్రం దాకా దించి, మందపాటి ప్లేట్లు వేసి, బోల్టులు బిగించారు. వెనక్కి ఏటవాలుగా రెండు ఊతకాళ్ళు పెట్టారు. బెల్టు లేకుండా పైపొక్కటే ఉంటే లాభం లేదట, కుదుపుకు మనిషి ఎగిరి ఆ పైపుకే తల కొట్టుకుంటాడట. అందుకని రెండు సీట్లకూ బెల్టులు వేసి, పైపు చుట్టూ మెత్తటి ఫోము చుట్టారు. ఎత్తు తేడా రాకుండా అన్నదమ్ములిద్దర్నీ సీట్లలో కూర్చోబెట్టి తలల పైన జాగా చూశారు. ఇక అనుమతి కోసం ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగిన సంగతి విడిగా ఒక పూట భోజనానికి సరిపోయింది. వింటుంటే నాకు ముచ్చటేసింది. నా కోసం ఈ మనిషి ఇంత తెలుసుకున్నాడా అనిపించింది. ఇంకో గరిటె నెయ్యి వేశాను.

జీపు ఊళ్ళోకి రాగానే పెద్ద తమాషా అయింది. మా వైపు జీపులో ఎవరన్నా నిలబడి పైపు పట్టుకుని కనపడ్డారంటే అది ఎలక్షనే. వరసకు బాబాయి అయ్యే ఒకాయన జీపు చుట్టూ తిరిగి, పైపు ఊపి చూసి, "ఏందబ్బాయ్, సర్పంచికి నిలబడతన్నావా, మాటన్నా చెప్పలా" అన్నాడు. ఇంకొకాయన మైకు ఎక్కడ కట్టాలో కూడా చూపించాడు. అదేం లేదు, మా ఇంట్లో మనిషికి భయం పోవాలని పెట్టించానంటే ఎవరూ నమ్మలేదు. పెళ్ళాం కోసం జీపు మీద ఇంత ఇనుము పెట్టేవాణ్ణి మా ఊరు అంతకుముందు చూడలేదు. పక్కింటావిడ ఆ సందట్లోనే తడి దుప్పటి తెచ్చి దాని మీద ఆరేసింది. నేను పైపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టించాను. మా వీధి చివర రిటైరైన టీచరమ్మ ఉంది, నేను పిన్నీ అంటాను. ఆవిడ చర్చి నుంచి వస్తూ ఆగి, పైపు మీద చెయ్యేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఇన్ని వైపుల నుంచి కాపలా ఉన్నాక ఇంకా మొండికేస్తే బాగుండదని, మర్నాడు జీపులో వస్తానని మా ఆయనకు మాటిచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఆయన పెళ్ళిచూపులకు పోతున్నట్టు తల దువ్వుకుని తయారయ్యాడు. బావగారు వచ్చి తన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. మా ఆయన కూడా పెట్టుకుని, నా వైపు చూసి కళ్ళెగరేశాడు. నేను కొంగు దోపుకుని వెనక నుంచి ఎక్కి, నా బల్ల మీద నా మూలన కూర్చున్నాను. ఎక్కేటప్పుడు నాకేమీ తోచలేదు, దేవుడి తోడు. ఇన్నేళ్ళుగా నా కాళ్ళకు ఆ వెనక మెట్టు తప్ప ఇంకో మెట్టు తెలియదు.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. కట్ట ఎక్కి, నిరుడు ఒరిగిన చోటు దగ్గరికి వచ్చాం. ఏదన్నా పట్టుకుందామని చెయ్యి చాపాను. పైపు అందలేదు. అప్పుడు చూశాను. పైపు నా ముందర ఉంది. దాని నీడన రెండు తలలు ఉన్నాయి. నా తల మీద ఉన్నది గుడ్డ టాపు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. నేను కూర్చున్నది కడబంతిలోనే, వడ్డించినవాడు నా మొగుడే, అయినా నా విస్తట్లోకి ఏమీ రాలేదు.

ఆపమన్నాను. ఆపాడు.

"ఏందే, భయమేసిందా?"

"ఈ పైపు ఎవరి కోసం పెట్టిచ్చావయ్యా?"

"నీ కోసమేగా. ఎన్నిసార్లు చెప్పాల?"

"మరి నేనేడ కూచున్నా?"

వెనక్కి తిరగబోతే బెల్టు పట్టేసింది. దాన్ని ఊడదీసుకుని పూర్తిగా తిరిగాడు. నన్ను చూశాడు, పైపును చూశాడు, నా పైనున్న గుడ్డను చూశాడు. ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది, ఈ సంగతి ఆ క్షణం దాకా ఆయన మనసులోకి రాలేదు. నాకు బాధేసింది అక్కడే. నిర్లక్ష్యంతో వదిలేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నన్ను కాపాడాలని అన్ని రోజులు ఆలోచించిన మనిషికి నేను ఎక్కడ కూర్చుంటానో గుర్తుకు రాలేదు. బండి పైపు మీద ఆగితే వెనక కూడా కాస్త జాగా మిగులుద్దిలే అని ఏదో అనబోయాడు. "కాస్త" అన్నాను నేను.

బావగారు కాలవ వైపు చూస్తూ కూర్చున్నారు. నేను జీపు దిగి చేలోకి నడిచాను. నడుస్తుంటే ఇంకో సంగతి తోచింది. ఆయన్ననేదేముంది, పసుపు రాసినప్పుడు నాకు మాత్రం తెలిసిందా. ఊరు ఊరంతా వచ్చి దాన్ని ఊపి చూసింది, మైకు కట్టే చోటు కూడా చూసింది. ఒక్కళ్ళన్నా అమ్మాయ్, నువ్వు కూర్చునేది వెనక కదా అన్నారా. మేం వెనక కూర్చోవడం ఎవరికీ కనపడనంతగా అలవాటైపోయింది, మాతో సహా.

ఆ సాయంత్రం మా ఆయన గొంతు తగ్గించి, రేపట్నుంచి ముందర నువ్వు కూచో అన్నాడు. మరి బావగారు? ఆయన వెనక కూర్చుంటాడులే, నే చెబుతా అన్నాడు. ఇంటి పెద్దను వెనక బల్ల మీదకు తోసి, ఆయనకు ముందు నేను కూర్చుని ఊళ్ళో ఊరేగాలా అని మండిపడ్డాను. నిజానికి మర్యాద ఒక్కటే కాదు. పైపు రాకముందు జీపులో అన్ని చోట్లూ ఒకటే, పడితే అందరం పడతాం. పైపొచ్చాక లోపల అనీ బయట అనీ రెండయ్యాయి. బయట ఉండటం నాకు ఇష్టం లేదు. నా బదులు మోకాళ్ళ నొప్పులతో ఉన్న పెద్దమనిషిని బయట పెట్టడం అంతకంటే ఇష్టం లేదు. ఇదంతా ఆయనకు విడమర్చి చెప్పలేక, నాకు ఆటోనే బాగుందని తేల్చేశాను.

కొన్నాళ్ళు ఆయన పరీక్ష తప్పినవాడిలా తిరిగాడు. జీపు వెనక భాగంలోకి ఎక్కి జానలేసి కొలిచేవాడు, దిగేవాడు. చివరికి షాపుకు ఫోన్ చేశాడు. వెనక కూడా ఇంకో పైపు వంచి నిలబెట్టి, రెంటినీ పైన కలిపితే మొత్తం ఒక గూడులాగా అవుతుందనీ, బల్లలకు కూడా బెల్టులు వెయ్యొచ్చనీ, బండి తీసుకురమ్మనీ అన్నారట. ఈసారి నువ్వు రావాల్సిందే, వెనక ఎత్తు నీ తలకాయను బట్టి పెట్టాలంట అన్నాడు. నా తలకాయ కూడా లెక్కలోకి వచ్చినందుకు వస్తానన్నాను, ఆ ఒక్క ప్రయాణానికి.

బయల్దేరే పూట సంచి పట్టుకుని దొడ్డిదారిన వచ్చేసరికి జీపులో ముందు సీటు ఖాళీగా ఉంది. బావగారు వెనక, నా బల్లకు ఎదురు బల్ల మీద, పంచె సర్దుకుని కూర్చుని ఉన్నారు. మా ఆయన తాళం చెవి పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. బావగారు రోడ్డు వైపు చూస్తూ, నేను వినేంత గట్టిగా, అమ్మాయిని ముందర కూర్చోమని తమ్ముడికి చెప్పారు. నాకు దగ్గర్లో బర్రె ఉంది. ముందు సీటు పెద్దవాళ్ళదనీ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వెనక ఎట్లా కూర్చుంటారో కాస్త అడగమనీ దానికి చెప్పాను. అది నెమరువేస్తూ నన్నే చూసింది. బావగారు కదల్లేదు. నేనూ ఎక్కి నా మూలన కూర్చున్నాను.

"ఇద్దరూ ఎనకే కూచుంటే నేనేంది, మీకు డ్రైవర్నా?" అన్నాడు మా ఆయన. కాసేపు చూసి, గొణుక్కుంటూ బండి తీశాడు.

అట్లా ఊరి మధ్యనుంచి పోయాం. ఇనప పైపు కింద నిక్షేపంలాంటి సీటు ఖాళీగా, దాని బెల్టు ఊగులాడుతూ. మేమిద్దరం గుడ్డ టాపు కింద బిగుసుకుని. ముందు సీటు ఎవరికి రిజర్వు చేశావని బాబాయి అరుగు మీద నుంచి కేకేశాడు. మా ఆయన హారన్ కొట్టి ముందుకు పోయాడు, ఆ తర్వాత నరసరావుపేట దాకా ఎద్దుబండికి కూడా దారిచ్చుకుంటూ తోలాడు.

బావగారికి ఎదురుగా కూర్చోవడం నాకు అదే మొదలు. ఎటు చూడాలో తెలియలేదు. తలొంచుకుంటే ఆయన చెప్పులు, తలెత్తితే ఆయన ముఖం. ఇద్దరం వెనక్కి పారిపోతున్న రోడ్డునే చూస్తూ కూర్చున్నాం. గుంట వచ్చినప్పుడల్లా ఆయన ఎగిరిపడి, ముందుకు వాలి పైపు ఊతకాలును పట్టుకునేవారు. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల దుమ్ము లోపలికి కొట్టింది. ఆయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు, నేను కొంగు పెట్టుకున్నాను. అది దాటి పెద్ద రోడ్డు ఎక్కాక ఆయన కండువా తీసి నా వైపు చూసి అడిగారు. తమ్ముడికి చెప్పినట్టు కాదు, నన్నే అడిగారు.

"అమ్మాయ్, ఎప్పుడూ ఇంత కుదుపేనా ఈడ?"

"ఇంతే బావగారూ. పొద్దున పూట ఎండ కూడా ఇటే కొడతది."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన తలూపి, కూర్చున్న బల్లను అరచేత్తో తడిమారు. కాసేపటికి, మీ అక్క కూచునేది ఇక్కడే కదా అన్నారు. అవునన్నాను. ఇట్లా ఉంటుందని ఒక్కనాడూ చెప్పలేదే అన్నారు. మీరు అడగలేదుగా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను. ఆ మాట ఆయన్ని అప్పటికే లోపల ఎవరో అడుగుతున్నట్టుంది.

"అన్నేళ్ళు ఈడ కూచోని ఏం చూసేదమ్మా?" అన్నారు. "ముందర రోడ్డే కనపడట్లా."

"మిమ్మల్నే చూసేది బావగారూ."

ఆయనకు అర్థం కాలేదు. చెప్పక తప్పలేదు నాకు. ఈ బల్ల మీద కూర్చుని ముందుకు తిరిగితే కనపడేది మగవాళ్ళ వీపులూ మెడలే. అక్క మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి ఆయన మెడ వైపు చూసేది. మీ బావకు జుట్టు కాలరు మీదకొచ్చిందే, ఇంటికి పోగానే చెప్పాలి అనేది. ప్రయాణం ఏదైనా, ఎవరి పెళ్ళికి పోతున్నా ఆ మాట ఒకసారి వచ్చేది. ఆ మర్నాడో మూడోనాడో ఆయన నున్నగా కటింగ్ చేయించుకుని కనపడేవారు. అక్క పోయాక నేను ఎరువు బస్తాల పక్కన కూర్చుని ఆ జుట్టు పెరగడం చూస్తూనే ఉన్నాను. ఎండకు కాలరు తడిసి, జుట్టు దానికి అతుక్కుపోయి ఉండేది. అయితే అది మరదలు చెప్పే మాట కాదు. బర్రెతో చెప్పించే మాట కూడా కాదు. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేసి, ఇంత మాట ఎట్లా అన్నానా అని భయపడి తలొంచుకున్నాను.

నేను తలెత్తేసరికి ఆయన చెయ్యి మెడ వెనక ఉంది. అక్కడ జుట్టును వేళ్ళతో పట్టుకుని చూసుకుంటున్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి. దుమ్మే అనుకుందామంటే సున్నపు బట్టీలు దాటి చానాసేపైంది.

నరసరావుపేట వచ్చింది. బండి షాపు ఉన్న రోడ్డులోకి తిరగబోతుంటే బావగారు ముందుకు వంగి, పైపు కిందనుంచి చెయ్యి పోనిచ్చి తమ్ముడి భుజం తట్టారు.

"షాపు కాడికి తర్వాత పోదాంలేరా. ముందు యాడన్నా కటింగ్ షాపు కాడ ఆపు."

మా ఆయన అద్దంలో మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏమీ అర్థం కాలేదు గానీ, ఆపాడు.